సీసా మీద చెల్లెలి మొహం

మేడ మీది గది నుంచి,
ఎండలు ముదురుతున్న రోజులు

చెల్లికి,

ఇది నేను చెప్తుంటే కింది వాటాలో మిషను కుట్టుకునే టైలరమ్మ రాస్తున్న ఉత్తరం. తన సొంత మాట ఒక్కటి కూడా కలపనని ఒప్పుకున్నాకే కాగితం చేతికిచ్చాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో నీ గొంతు నాకు డబ్బాలో ఈగ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. పైగా నేను చెప్పేది నువ్వు మధ్యలో ఆపడానికి వీల్లేకుండా ఉండాలి.

టైలరమ్మకు ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. మందుల షాపులో ఎవరో చెబితే ఒక సీసా కొనుక్కొచ్చింది. అశ్వగంధ మాత్రలట, ఏదో వేరట అంటూ నా చేతిలో పెట్టింది. అశ్వగంధ అని పెద్ద పేరు పెట్టుకున్నారు గానీ అది మన పెన్నేరే. మూత తీస్తే నాకు తెలియదా? చెమట పట్టిన గుర్రం పక్కన నిలబడినట్టుండే ఆ వాసనలోనే కదా మనం పుట్టి పెరిగాం. మూత పెట్టి సీసా ఇటు తిప్పి చూద్దును కదా, నీ మొహం.

నీ మొహమే. జుట్టు నున్నగా దువ్వుకుని, తెల్లకోటు వేసుకుని, చేతిలో వేరు పట్టుకుని నవ్వుతున్నావు. కింద ఏం రాసుందో చదవమన్నాను. 'ప్రతి విడత వేరూ ఈ పెద్దమ్మ నాలుక ఒప్పుకున్నాకే మీ ఇంటికి' అని చదివింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివింది.

ఎవరి నాలుకే అది? నేనడిగేది అదొక్కటే.

అమ్మ మందువేళ్ళ కొట్టు నీకు గుర్తుండకపోతే నేను గుర్తుచేస్తాను. తెల్లారగానే, నోరు కడుక్కోకముందే, మనిద్దరికీ చెరో ముక్క ఇచ్చేది. నమలకూడదు. నాలుక కింద పెట్టుకుని, నోరు మూసి, ముక్కుతో గాలి వదలాలి. ముందు చేదు వస్తుంది, దాని వెనక వగరు, ఆ వెనక గుర్రం. నేను కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఉంచుకునేదాన్ని. నువ్వేం చేసేదానివి? నీ ముక్క గౌను జేబులో వేసుకుని నా నోటివంక చూస్తూ కూర్చునేదానివి. నేను 'ఇది ముదరలేదమ్మా' అంటే, వెంటనే నువ్వు 'ముదరలేదమ్మా'. అమ్మ నీ తల నిమిరేది. ఇద్దరికీ పట్టుబడిందని మురిసిపోయేది. ఆ తర్వాత నువ్వు సంచి తగిలించుకుని బడికి పోయేదానివి, నేను కొట్లో కూర్చునేదాన్ని. నీ సీసా మీద ఏం రాసుందో నేను ఇంకొకరి చేత చదివించుకోవాల్సి వచ్చిందంటే అందుకే.

సిగ్గనిపిస్తే జవాబు రాయి. అనిపించకపోయినా రాయి. సీసాను గోడవైపు తిప్పి పెట్టించాను.

కింద వేలిముద్ర వేశాను. సీసా మీద ఎవరి మొహమైనా వేసుకోవచ్చు. వేలిముద్రతో ఆ ఆటలు కుదరవు.

నీ అక్క

•

కంపెనీ క్వార్టర్స్, వెనక వరస నుంచి

అక్కకు,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి అరుస్తున్నట్టే ఉంది. చాలా రోజులకు విన్నాను ఆ అరుపు.

ఆ కోటు నాది కాదక్కా. ల్యాబులో పనిచేసే అమ్మాయిది. వదులైందని వెనకవైపు పిన్నులు పెట్టారు. సీసా మీద ముందువైపే కదా కనిపించేది.

నీకు ఇంతవరకు చెప్పకపోవడం నా తప్పే. మా ఆయన ఇక్కడ గేటు దగ్గర డ్యూటీ చేస్తూ చేస్తూ పోయాడని నీకు తెలుసు. ఆ తర్వాత పెద్దసారు పిలిచి, మీది వేళ్ళ కొట్టని మీ ఆయన చెప్పేవాడు, మీకు రుచి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. నేనుంటున్న ఈ గది ఆ మాట మీదే నిలబడింది. లారీ వచ్చినప్పుడల్లా గుప్పెడు వేళ్ళు తెచ్చి నా బల్ల మీద పెడతారు. రుచి చూసినవాళ్ళే తమ చేత్తో కార్డు రాయాలి. తీసుకోవచ్చో, వద్దో, వద్దంటే ఎందుకో. ల్యాబు కాగితం ఆ తర్వాత వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇంతవరకు రెండూ ఒకటే చెబుతూ వచ్చాయి. అవి కలవడం మానేస్తే నా పనీ, గదీ ఉండవు. నేను ఎన్ని రోజులు తీసుకున్నా తొందరపెట్టరు, అప్పటిదాకా సరుకు గోడౌనులో వేరుగా ఉంచుతారు.

నీకు కొన్ని వేళ్ళు పంపుతున్నాను. ఊరికే, అమ్మ కొట్టు గుర్తుకొస్తుందని. ఎలా ఉన్నాయో ఒక మాట రాయించు.

చలికాలంలో వచ్చిన జ్వరం పూర్తిగా తగ్గింది. అందరూ బాగానే చూస్తున్నారు. నా కూరలో ఉప్పు ఎక్కువవుతోందని పక్కింటివాళ్ళు మాత్రం నవ్వుతున్నారు.

నీ చెల్లి

•

మేడ మీది గది నుంచి

చెల్లికి,

వేళ్ళు అందాయి. ఊరికే పంపావట. ఊరికే పంపే వేళ్ళయినా మంచివి ఏరి పంపాలని తెలియదా?

ఇవి పూత మీదున్నప్పుడే పీకేసినవి. కాయ ఎర్రబడి, ఆకు పండుబారాక కదా తవ్వాల్సింది. ఎవడికో తొందరెక్కువైంది. విరిస్తే టప్పున విరగాలి, ఇది తడిసిన చీపురుపుల్లలా వంగింది. నాలుక కింద పెడితే చేదు ఉంది, ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలిగా, ఉంది. దాని వెనక ఏమీ లేదు. గుమ్మందాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోయిన చుట్టంలా ఉంది. ఇలాంటిది అమ్మ ముందు పెడితే బుట్టతో సహా బయటికి విసిరేసేది.

అది సరే. నీ కుర్చీకి చేతులున్నాయా? కింద మెత్త ఉందా? టీ ఎవరైనా తెచ్చిస్తారా, నువ్వే లేచి వెళ్ళాలా? టైలరమ్మ అడగమంటోంది. కాదులే, నేనే అడుగుతున్నాను.

కింద బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకు టైలరమ్మ నోరు జారి చెప్పేసింది, సీసా మీది ఆవిడ మా మేడ మీది పెద్దమ్మగారి చెల్లెలని. ఇక చూడు. మెట్లెక్కి మరీ వస్తున్నారు. ఎంత చల్లని మొహమండీ మీ చెల్లెలిది అంటారు. నన్నోసారి చూస్తారు. ఆ తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోతారు. నా మొహం చూసి కుక్క కూడా పక్కకు తప్పుకుంటుందని నాకు తెలుసు. బడికి సెలవు వచ్చినప్పుడల్లా అమ్మ ఏమనేది? 'పెద్దదాని మొహం చూస్తే బేరం పోతుంది, చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టండి.' నేను వెనకాల గోనెల మధ్య కూర్చుని ముక్కలు నోట్లో పెట్టుకుంటుండేదాన్ని, నువ్వు ముందు కూర్చుని నవ్వుతుండేదానివి. ఇన్నేళ్ళయినా కొట్టు మారలేదు. పెద్దదైందంతే.

నీ అక్క

•

క్వార్టర్స్ నుంచి

అక్కకు,

కుర్చీకి చేతులున్నాయి. మెత్త నేనే కుట్టుకున్నాను. టీ తెచ్చిస్తారు.

నీ ఉత్తరం దాచుకున్నాను. ఇంకో పొట్లం పంపుతున్నాను. దీన్ని గురించి కూడా నీకు ఏమనిపిస్తే అది రాయించు. తిట్టాలనిపిస్తే తిట్టు. కాకపోతే వివరంగా తిట్టు.

నీ చెల్లి

•

మేడ మీది గది నుంచి,
మొదటి జల్లు పడిన రోజు

చెల్లికి,

వివరంగా తిట్టమన్నదాన్ని నిన్నే చూశాను. సరే, కూర్చుని విను.

ఈ వేరు మంచి వేరే. సరైన అదనులో తవ్వారు. నీడన ఆరబెట్టారు. విరిస్తే లోపల పిండిలా తెల్లగా ఉంది. చేదూ ఉంది, వగరూ ఉంది. కానీ గుర్రానికి ఎవరో స్నానం చేయించారు. సబ్బు బస్తాల పక్కన పడుకుని వచ్చిందే ఇది. ఒకటి రెండు రోజులు కాదు, బాగా కాపురం చేసి వచ్చింది. పైన కడిగితే పోయేది కాదు, వేరు ఆ వాసన లోపలికి పీల్చుకుంది. మింగినవాళ్ళకు బట్టలు ఉతుక్కోవడానికి పనికొస్తుందేమో గానీ నిద్రకు పనికిరాదు.

ఒక సంగతి అడుగుతాను. నీకెలా అనిపించిందో ఒక్క ముక్కయినా రాయవేం? ఆ కోటూ కుర్చీ పెట్టుకుని కూర్చున్నదానివి, నాకు తెలియనిది నువ్వు పట్టుకున్నది ఒక్కటైనా ఉండదా? నీ గొప్ప చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషివి కాదే నువ్వు. టీ తెచ్చిస్తారని రాయడానికి మాత్రం మొహమాటపడలేదు.

ఆ మెత్త ఏం గుడ్డతో కుట్టావు?

నీ అక్క

•

క్వార్టర్స్ నుంచి

అక్కకు,

పాత కర్టెన్ గుడ్డతో కుట్టాను. నీలం రంగుది.

నా మాటకేముంది అక్కా. నువ్వు చెప్పాక ఇంకొకరు చెప్పడానికి ఏం మిగులుతుంది?

ఈసారి వేరు కాదు, దంచిన పొడి వచ్చింది. చాలా పెద్ద సరుకు. ఇది తీసుకుంటే ఈ ఏడాది మాత్రలన్నీ దీంతోనే చేస్తారట. కార్డు ఎప్పుడు రాస్తారని పెద్దసారు కూడా అడుగుతున్నారు. నీకు చిన్న పొట్లం పంపాను. జాగ్రత్తగా చూడు. త్వరగా రాయించు.

నీ చెల్లి

•

మేడ మీది గది నుంచి

నా బంగారు చెల్లికి,

నువ్వు పంపిన పొడి అందింది. ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. వంక పెట్టడానికి ఏమీ లేదు. నీ చేతిలో పడ్డ సరుకు అలాగే ఉంటుంది మరి. సీసా మీద నీ మొహం చూసినప్పుడల్లా నా కడుపు నిండిపోతోంది. ఆ కుర్చీకి నువ్వే తగినదానివి, చిట్టితల్లీ. చల్లగా ఉండు.

నీ అక్క

•

మేడ మీది గది నుంచి,
వెంటనే

చెల్లీ,

ఇంతకుముందు పంపిన ఉత్తరం చించెయ్. ఆ పొడి కార్డు మీద 'వద్దు' అని రాయి. ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదువు.

రాశావా? ఇప్పుడు విను. వేళ్ళ వ్యాపారం చేసే బట్టతలాయన గుర్తున్నాడుగా, వాళ్ళ నాన్న అమ్మ కొట్టుకు సరుకు వేసేవాడు. నీ పొడి పొట్లం రావడానికి ముందు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి టైలరమ్మ దగ్గరికి వచ్చాడు. అది అయ్యేదాకా మా మెట్ల మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టాడు. కంపెనీవాళ్ళు తన లారీ వెనక్కి పంపేశారట. కార్డు మీద ఏం రాశారో నోటికి వచ్చేసింది పాపం. 'సబ్బు బస్తాల పక్కన పడుకుని వచ్చింది' అని రాశారట. నిజమేనట, గోడౌనులో సగం సబ్బులవాళ్ళకు అద్దెకిచ్చాడట. అంతా చెప్పి, తల ఊపి, నాతో అంటాడు కదా, మీ చెల్లెలి నాలుక మామూలుది కాదండీ అని. నాతో అన్నాడు ఆ మాట. నా మెట్ల మీద కూర్చుని.

అది నా మాట. అక్షరం పొల్లు పోకుండా నా మాట. నువ్వు ఊరికే పంపావు. అమ్మ గుర్తుకొస్తుందని పంపావు. ఇన్నేళ్ళు వచ్చి, జుట్టు నెరిసి, ఇంకా నీ ముక్క జేబులో వేసుకుని నా నోటివంక చూస్తూ కూర్చున్నావు. అప్పుడు తల నిమిరించుకున్నావు, ఇప్పుడు సీసా ఎక్కావు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పొడి నోట్లో పెట్టుకోగానే తెలిసింది, అందులో సగం ఆకు. ఆకూ కాడలూ ఎండబెట్టి దంచి కలిపేశారు. ఆ చేదు వేరు చేదు కాదు, నాలుకను పట్టుకుని వదలదు. వగరు లేదు. గుర్రం అసలు ఆ దారినే పోలేదు. తెలిసే బాగుందని చెప్పాను. నువ్వు బాగుందని రాస్తావు, ల్యాబు కాగితం కాదంటుంది, నీ కింద నుంచి నీలం మెత్తతో సహా కుర్చీ లాగేస్తారు. అదీ నేను వేసుకున్న లెక్క.

టైలరమ్మ రాస్తూ రాస్తూ ఒకసారి నావంక చూసింది. తన మాట కలపకూడదని నేనే కట్టేశాను కదా, చెప్పింది చెప్పినట్టు రాసేసింది. వెళ్ళి ఉత్తరం కొరియర్‌లో ఇచ్చి వచ్చింది. వచ్చి మిషను ముందు కూర్చుంది. గోడవైపు తిప్పిన సీసాలోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నేను కిందికి దిగి, గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

మింగే మనిషి ఉంటుందన్న సంగతి నా లెక్కలో లేదు. నేను నీ కుర్చీనే చూశాను. ల్యాబువాళ్ళు ఒక్కసారి పొరపడితే ఆ ఆకు నేరుగా ఇలాంటి నోళ్ళలోకే పోతుంది. కొట్టుకు వచ్చేవాళ్ళు మన నోటిని నమ్మి నోరు తెరుస్తారని అమ్మ రోజూ చెప్పేది. అప్పటికప్పుడు టైలరమ్మను కొరియర్ ఆఫీసుకు పరిగెత్తించాను. సంచి వెళ్ళిపోయిందన్నారు. ఫోన్ చేయించాను, నువ్వు ఎత్తలేదు. అందుకే ఇది రాయిస్తున్నాను.

నిన్ను క్షమించానని అనుకోకు. నువ్వు కుర్చీ దిగితే చూడాలని ఇప్పటికీ ఉంది. ఇలా మాత్రం వద్దు.

నీ అక్క

•

క్వార్టర్స్ నుంచి

అక్కకు,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నన్ను బంగారు చెల్లి అన్నది.

నేను ఆ సరుకు వద్దని రాశాను. సాయంత్రం ల్యాబు కాగితం కూడా వచ్చింది. పొడిలో ఆకు కలిసిందట. ఆ సరుకు వెనక్కి పంపేస్తున్నారు.

ఎలా తెలిసిందని అడుగుతావు. నా పెళ్ళిరోజున అందరూ నేను ఎంత బాగున్నానో చెబుతుంటే నువ్వు దగ్గరికి వచ్చి చెప్పులు బాగాలేవని వెళ్ళిపోయావు. ఆయన పోయినప్పుడు వచ్చి, నా భుజం పట్టుకుని, వంటింట్లో గిన్నెలు సరిగా తోమలేదన్నావు. అటువంటి నువ్వు చిట్టితల్లీ అన్నావు. అక్కడే ఆగిపోయాను. పొడిలోనైనా ఏదో ఉండాలి, నీకు నామీద కోపమైనా వచ్చి ఉండాలి. రెండూ అయి ఉంటాయనిపించింది. ఇంకేమీ ఆలోచించకుండా వద్దని రాసేశాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను. చలికాలం జ్వరం తగ్గింది గానీ, అది వెళ్తూ వెళ్తూ నా రుచినీ వాసననీ తీసుకుపోయింది. టీ వేడిగా ఉందని తెలుస్తుంది, అంతే. ఉప్పు తెలియదు. మొదట్లో నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు పెన్నేరు ముక్క నాలుక కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపున్నా కొయ్యముక్కే. చేదు కూడా పోతుందని నేనెప్పుడూ అనుకోలేదక్కా.

జ్వరానికి ముందు ఈ పని నిజంగా నేనే చేశాను. జ్వరం తగ్గాక మొదటి లారీ వచ్చిన రోజుల్లోనే నీ మొదటి ఉత్తరం అందింది. అది మాత్రం నమ్ము. చిన్నప్పుడు జేబులో వేసుకున్న మాట నిజమే. కానీ బడినుంచి వచ్చాక, నువ్వు చెప్పినవన్నీ అందులో ఉన్నాయో లేదో అని ఆ ముక్క తీసి నాలుక కింద పెట్టుకునేదాన్ని. ప్రతిసారీ ఉండేవి. నాకు నేర్పింది అమ్మ కాదు, నువ్వే.

పెద్దసారుకు చెప్తే గది పోతుందని భయం. నీకు చెప్తే నవ్వుతావని భయం. రెండోదే ఎక్కువ.

ఇక నువ్వెలా చెప్తే అలా. పెద్దసారుకు రాయించాలనుకుంటే రాయించు. నేను కాదనను.

నీ చెల్లి

•

మేడ మీది గది నుంచి,
వానలు పట్టుకున్నాక

చెల్లికి,

నీ ఉత్తరం టైలరమ్మ చదివింది. చదువుతూ మధ్యలో ఆగి ముక్కు తుడుచుకుంది. నేను నవ్వలేదు. నవ్వలేదని రాయమన్నాను, రాసింది.

నా రెండో ఉత్తరం అందకముందే నీకు సంగతి తెలిసిపోయిందన్నమాట. నా అబద్ధం నీ దగ్గర ఒక్క పూట కూడా నిలబడలేదు. దానికి కూడా నాకు కోపంగానే ఉంది.

ఇప్పుడు నా తీర్పు విను. ఇది అందిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి పెద్దసారుకు ఉన్నదంతా చెప్పు. నేను వచ్చేలోపే చెప్పాలి, అబద్ధం పరుచుకున్న కుర్చీలో నేను కూర్చోను. రుచి చూడడం తెలిసిన అక్క నాకుంది, ఆవిడకు రాయడం రాదు, నాకు రుచి తెలియదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవుతుందని చెప్పు. రుచి చూసినవాళ్ళ చేత్తోనే కార్డు ఉండాలంటే నా వేలిముద్ర వేస్తాను. నాలుకను నమ్మకపోతే ల్యాబు కాగితంతో కలిపి చూసుకోమను. ఒప్పుకుంటే నేనే అక్కడికి వస్తాను. ఒప్పుకోకపోతే సామాను కట్టుకుని ఇక్కడికి వచ్చెయ్. గది చిన్నదే. కిటికీ వైపు నేను పడుకుంటాను, అది ఇప్పుడే చెప్తున్నాను.

ఒప్పుకుంటే నా షరతులు ఇవి. రెండు కుర్చీలు కావాలి. చేతులున్నది నాకు. నీలం మెత్త కూడా అందులోనే ఉంచు. కోటు పిన్నులు పెట్టి తొడిగితే ఊరుకోను, టైలరమ్మ ఇక్కడే నా కొలతకు కుడుతోంది, జేబులు లేకుండా కుట్టమన్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. నీ సొంత మాట కలపకుండా ఎలా రాయాలో టైలరమ్మ దగ్గర నేర్చుకో. సీసా మీద కొత్త ఫొటో వెయ్యాలి, నేను ముందు, నువ్వు వెనక. నవ్వమంటే నేను నవ్వను. నవ్వకపోతే సరుకు పోదని వాళ్ళంటే నువ్వు నవ్వు. అందుకేగా నిన్ను పక్కన పెట్టుకుంటున్నది.

పాత సీసా ఖాళీ అయిపోయింది. టైలరమ్మ అందులో గుండీలు పోసుకుంది. మొహం ఇటువైపే ఉండేట్టు పెట్టింది. ఏమంటానోనని నావంక చూసింది. నేను దాన్ని గోడవైపు తిప్పించలేదు.

ఇంకొక మాట. పక్కింటివాళ్ళ చేత ఉప్పు రుచి చూపించుకోవడం మానెయ్. వాళ్ళెవరు? నేనొచ్చాక నీ వంట తిని ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో రోజూ నేనే చెప్తాను. బాగుందని మాత్రం ఎప్పుడూ అనను. ఎప్పుడైనా అన్నానంటే, గిన్నె ఎత్తుకెళ్ళి పారబోసెయ్.

నీ అక్క